వెబ్ డిజైన్ కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నవాళ్లు, ఉద్యోగం మారాలనుకునేవాళ్లు, పిల్లలు బడికెళ్లాక కాస్త తీరిక దొరికే గృహిణులు, ఎవరు అడిగినా ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ఎవరికి వాళ్లకు విడిగా జవాబు రాసేకన్నా ఒకచోట పెడితే నయమనిపించింది. వరసగా చదవక్కర్లేదు. మీ బండి ఎక్కడ ఆగిందో అక్కడ చూసుకోండి.

## మొదలుపెట్టే ముందు

వెబ్ డిజైన్ అంటే కోడింగా, బొమ్మలు గీయడమా?

పేజీలో ఏది ముందు కంటపడాలి, అక్షరం ఎంత సైజు ఉండాలి, బటన్ ఎక్కడుంటే వేలికి అందుతుంది అని తేల్చుకోవడం డిజైన్. తేల్చుకున్నదాన్ని బ్రౌజర్‌కు అర్థమయ్యేలా రాయడం కోడింగ్. పెద్ద కంపెనీల్లో రెండింటికీ వేర్వేరు మనుషులుంటారు. చిన్న ఏజెన్సీల్లో, ఫ్రీలాన్స్ పనుల్లో ఒకరే రెండూ చేస్తారు. చేత్తో బొమ్మలు గీయడం రాకపోయినా ఏం కాదు.

నాది బీకామ్. లెక్కలూ అంతంతమాత్రమే. నాకు వస్తుందా?

వస్తుంది. మొదటి కొన్ని నెలల్లో మీకు కావలసిన లెక్కలు కూడికలు, శాతాలు. అంతకన్నా అవసరమైంది ఓపిక. ఒక సెమీకోలన్ మర్చిపోతే కింద రాసిన స్టైల్ పనిచేయదు, అదెక్కడుందో వెతుక్కోవాలి. టాలీలో రూపాయి తేడా ఎక్కడొచ్చిందో పట్టుకున్నవాళ్లకు ఇది కొత్తేం కాదు.

ఇంగ్లిష్ బాగా రాదు. ఇబ్బంది అవుతుందా?

మాట్లాడటం రాకపోయినా నడుస్తుంది, చదివి అర్థం చేసుకోవడం మాత్రం కావాలి. కోడ్‌లో తరచుగా వచ్చే మాటలు వందా రెండొందలకు మించవు, రోజూ వాడుతుంటే అవే నోటికొస్తాయి. అసలు చిక్కు ఎర్రర్ మెసేజ్‌ల దగ్గర, వివరణల దగ్గర. తెలుగు వీడియోలతో మొదలుపెట్టండి, తప్పులేదు. దాంతోపాటు రోజుకు ఒక పేజీ అయినా ఇంగ్లిష్‌లో చదవడం అలవాటు చేసుకోకపోతే తర్వాత దారి మూసుకుపోతుంది.

ఎలాంటి ల్యాప్‌టాప్ కొనాలి? ఫోన్‌లో నేర్చుకోలేమా?

దీనికోసం కొత్తది కొనకండి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయినా చాలు, 8 జీబీ ఉంటే హాయి. కోడ్ రాసుకోవడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల వీఎస్ కోడ్ ఎడిటర్, క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఉచితంగా దొరుకుతాయి, అవే మీ సరంజామా. ఫోన్‌లో చదవచ్చు, వీడియోలు చూడొచ్చు. రాయడం మాత్రం నరకం. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే లైబ్రరీలోనో, స్నేహితుల దగ్గరో రోజుకు గంట దొరికినా అది ఫోన్ మీద మూడు గంటల పెట్టు.

అమీర్‌పేటలో కోచింగ్‌లో చేరాలా, యూట్యూబ్ సరిపోతుందా?

అక్కడి మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ బోర్డులు చూస్తే చేరకపోతే వెనకబడిపోతామేమో అన్న టెన్షన్ వస్తుంది. నిజానికి నేర్చుకోవాల్సినదంతా ఉచితంగానే ఉంది. మొజిల్లా వాళ్ల ఎమ్‌డీఎన్, ఫ్రీకోడ్‌క్యాంప్, ది ఓడిన్ ప్రాజెక్ట్, ఈ మూడిట్లో ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా వెళితే చాలు. మూడూ ఒకేసారి వద్దు.

కోచింగ్‌లో మీరు డబ్బిచ్చి కొనేది పాఠం కాదు, టైమ్‌టేబుల్. ఇంట్లో కూర్చుంటే ఏదీ ముందుకు సాగని మనిషైతే చేరండి. చేరేముందు రెండు పనులు చేయండి: డెమో క్లాసులో సార్ లైవ్‌గా కోడ్ రాస్తున్నారా లేక స్లైడ్లు చదువుతున్నారా చూడండి, పాత బ్యాచ్ వాళ్లు చేసిన సైట్లు చూపించమనండి. అందరి సైట్లూ ఒకేలా, రంగు మాత్రమే మారి కనిపిస్తే అక్కడ నేర్పేది నకలు కొట్టడమే.

ఏఐ నిమిషంలో వెబ్‌సైట్ చేసి ఇస్తోంది. ఇప్పుడు ఇది నేర్చుకోవడం దండగ కదా?

చేసి ఇస్తుంది, నిజమే. అలా ఇచ్చినదాంట్లో ఫోన్ నంబర్ కల్పించి పెట్టిందా, చిన్న తెర మీద మెనూ తెరుచుకుంటోందా, తెలుగు వాక్యం తెలుగులా ఉందా అని చూసుకునే మనిషి కావాలి. తప్పు కనిపిస్తే కోడ్‌లో ఏ వరస దగ్గర దిద్దాలో తెలియాలి. ఉట్టి టెంప్లేట్ నింపే పనులకు గిరాకీ తగ్గిందన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే.

నా మాట ఏంటంటే, మొదటి రెండు నెలలు దానితో కోడ్ రాయించకండి. మీరు రాసినదాన్ని చూపించి ‘ఇదెందుకు పనిచేయట్లేదు’ అని అడగండి. ట్యూషన్ మాస్టారిలా వాడుకుంటే మంచిదే, హోంవర్క్ దానికి అప్పజెబితే మీకేమీ మిగలదు.

## మొదటి నెలలో

హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, రియాక్ట్... ఏది ముందు?

మీరు రాసిన వరసే సరైన వరస. పేజీలో ఏముందో చెప్పేది హెచ్‌టీఎమ్‌ఎల్, ఎలా కనిపించాలో చెప్పేది సీఎస్‌ఎస్, నొక్కితే ఏం జరగాలో చెప్పేది జావాస్క్రిప్ట్. హెచ్‌టీఎమ్‌ఎల్ వారం పది రోజుల్లో చేతికొస్తుంది. సీఎస్‌ఎస్‌కు నెలలు పడుతుంది, పట్టనివ్వండి. చాలామంది ఇక్కడే తొందరపడి, జావాస్క్రిప్ట్ మీద కట్టిన రియాక్ట్ లైబ్రరీలోకి దూకేసి, ఆర్నెల్ల తర్వాత కూడా రెండు పెట్టెల మధ్య ఖాళీ సరిచేయలేక అవస్థ పడుతుంటారు.

ట్యాగులన్నీ బట్టీ పట్టాలా?

అక్కర్లేదు. ట్యాగులంటే ఇది హెడ్డింగ్, ఇది పేరా అని హెచ్‌టీఎమ్‌ఎల్‌లో పెట్టే గుర్తులు. రోజువారీ పనిలో ఇరవై ముప్పై ట్యాగులే తిరుగుతుంటాయి. మిగతావి అవసరమొచ్చినప్పుడు చూసుకుంటారు. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా చూసుకునే రాస్తారు.

వీడియో చూస్తుంటే అంతా అర్థమవుతుంది. సొంతంగా రాయబోతే చెయ్యి ఆడట్లేదు. ఎందుకు?

చూసి అర్థం చేసుకోవడం వేరు, ఖాళీ ఫైల్ ముందు కూర్చుని మొదటి వరస రాయడం వేరు. దీనికి ఒక్కటే మందు. పది నిమిషాల వీడియో చూడండి, ఆపండి, ట్యాబ్ మూసేయండి, చూసినదాన్ని గుర్తున్నంత మేరకు రాయండి. చిక్కుకున్నచోట తెరిచి చూడండి, మళ్లీ మూసేయండి. మర్నాడు అదే పేజీని మొదటినుంచి చూడకుండా చేయండి. విసుగ్గా ఉంటుంది, కానీ చెయ్యి తిరిగేది అలాగే.

ఇంకోటి, వీడియో ఏ ఏడాదిదో చూసుకోండి. పేజీని అడ్డంగా విభజించడానికి ఫ్లోట్ (పెట్టెలను పక్కకు తోసే పాత సీఎస్‌ఎస్ పద్ధతి) వాడమని చెబితే అది పాత కాలపు పాఠం. ఆ పనికోసమే ఉన్న సీఎస్‌ఎస్ గ్రిడ్ 2017లోనే ప్రధాన బ్రౌజర్లన్నిట్లోకీ వచ్చేసింది.

మొదట ఏం పేజీ చెయ్యాలి? ఐడియా రావట్లేదు.

నెట్‌ఫ్లిక్స్ క్లోన్ వద్దు. మీ వీధిలో ఉన్న టిఫిన్ సెంటర్‌కు ఒక్క పేజీ చేయండి. పేరు, ఎన్నింటికి తెరుస్తారు, ఏ రోజు సెలవు, మెనూ, ఫోన్ నంబర్, మ్యాప్ లింకు. ఇంతే. చూడ్డానికి చిన్న పని, చేయబోతే పాఠం మొత్తం అందులోనే ఉంటుంది.

మెనూ సంగతే తీసుకోండి. ఎడమవైపు ‘ఇడ్లీ’, కుడివైపు ధర. పెట్టెలను సర్దే ఫ్లెక్స్‌బాక్స్ అనే సీఎస్‌ఎస్ పద్ధతి వేసి రెండింటినీ చెరో అంచుకూ తోస్తే నిమిషంలో అయిపోతుంది. ఆ తర్వాత ‘అల్లం పచ్చిమిర్చి జీలకర్ర పెసరట్టు ఉప్మా’ అని రాసి ఫోన్ వెడల్పులో చూడండి. పేరు రెండు వరసలకు విరిగి, ధరకు ఆనుకుపోయి, రెండూ కలిసి ఒకే మాటలా కనిపిస్తాయి. మధ్యలో కనీస ఖాళీ ఉంచాలని, ధర విరగకుండా ఆపాలని, అది మొదటి వరసకు ఎదురుగా ఉండాలా రెండో వరసకా అని అప్పుడు ఆలోచిస్తారు. ‘ఐటమ్ వన్, ఐటమ్ టూ’ అని రాసుకుని చేస్తే ఈ చిక్కు ఎప్పటికీ ఎదురవదు. అందుకే అసలు సరుకుతో చేయమనేది.

మెనూను ఫొటో తీసి అతికించకండి. ధర మారితే మళ్లీ ఫొటో తీయాలి, గూగుల్‌లో వెతికితే దొరకదు, చూపు సరిగా లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించలేదు. ఫోన్ నంబర్ నొక్కితే కాల్ వెళ్లేలా లింకు ఇవ్వండి. అయ్యాక ఆ ఓనర్‌కే చూపించండి. ‘ఆదివారం మైసూర్ బజ్జీ ఉండదమ్మా’ అంటారు. దాన్ని పేజీలో ఎక్కడ చెప్పాలి అన్నది మీ తర్వాతి లెక్క.

వర్డ్‌ప్రెస్ నేర్చుకుంటే సరిపోదా? బూట్‌స్ట్రాప్, టెయిల్‌విండ్ సంగతేంటి?

వర్డ్‌ప్రెస్ కోడ్ పెద్దగా రాయకుండా సైట్ కట్టే సాధనం, మిగతా రెండూ ముందే రాసిపెట్టిన సీఎస్‌ఎస్ మూటలు. అన్నీ పనికొస్తాయి, కాకపోతే తర్వాత. సీఎస్‌ఎస్ తెలియకుండా బూట్‌స్ట్రాప్ పట్టుకుంటే అది ఇచ్చిన బటన్‌ను రెండు పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) జరపడానికి కూడా దిక్కులు చూడాలి. వర్డ్‌ప్రెస్‌తో లోకల్ వ్యాపారాల పనులు బాగానే దొరుకుతాయి. సీఎస్‌ఎస్ మీద పట్టు వచ్చాక దానికి ఒక నెల పెట్టుకోండి.

## పేజీ అందంగా రావడానికి

నా పేజీ పనిచేస్తోంది గానీ చూస్తే చిన్నపిల్లలు చేసినట్టుంది. ఏం తక్కువైంది?

సాధారణంగా తక్కువ కాదు, ఎక్కువైంది. నాలుగు ఫాంట్లు, ఆరు రంగులు, ప్రతి పెట్టెకూ నీడ, అన్నిటికీ గీతలు. ఒక్క ఫాంట్, ఒక్క ముఖ్య రంగు, మిగతా అంతా నలుపు తెలుపు బూడిద అని హద్దు పెట్టుకుని మళ్లీ చేయండి. ఖాళీలకు కూడా ఒక లెక్క పెట్టుకోండి: 8, 16, 24, 32, 48 పిక్సెళ్లు, ఈ అంకెలు తప్ప వేరేవి వాడనని. ఒకచోట 13, ఇంకోచోట 19 ఉంటే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో అతకలేదనిపిస్తుంది.

ఎడమ అంచు కలుస్తోందో లేదో కూడా చూడండి. హెడ్డింగ్ మధ్యలో, పేరా ఎడమన, బటన్ మళ్లీ మధ్యలో ఉంటే కన్ను ఎక్కడా నిలవదు.

రంగులు ఎలా ఎంచుకోవాలి?

ముందు చదవడానికి వీలుందా అని చూడండి, ఇంపు తర్వాత. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కు 1 ఉండాలని, సైట్లు అందరూ చదవగలిగేలా ఉండటానికి పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. పెద్ద అక్షరాలకైతే 3కు 1 చాలు. తెల్లటి పేజీ మీద 777777 అనే కోడ్ ఉన్న బూడిద రంగు చాలామందికి ఇష్టం. దాని లెక్క 4.48, వెంట్రుకవాసిలో తప్పింది. ఒక్క మెట్టు ముదురు చేసి 767676 వేస్తే గట్టెక్కుతుంది. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో రంగు మీద నొక్కితే ఈ అంకె కనిపిస్తుంది. ఎండలో నిలబడి ఫోన్ చూసే మనిషిని తలచుకుంటే ఇది చాదస్తం అనిపించదు.

ఫిగ్మా తప్పనిసరా?

ఫిగ్మా అంటే పేజీ ఎలా ఉండాలో ముందే గీసుకునే టూల్. ఉద్యోగానికైతే దాదాపు తప్పనిసరే. నేర్చుకోవడానికి మొదటిరోజు నుంచే అక్కర్లేదు. కాగితం మీద పెన్సిల్‌తో పెట్టెలు గీసుకుని మొదటి రెండు మూడు పేజీలు చేయొచ్చు. ఫిగ్మా బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఒక్కరు నేర్చుకోవడానికి ఉచిత ప్లాన్ చాలు. అందులో గీసిన ప్రతిదీ బ్రౌజర్‌లో అలాగే వస్తుందని మాత్రం నమ్మకండి. ఫిగ్మాలో పేరు ఎప్పుడూ ఒక్క వరసలోనే పడుతుంది, గీసింది మీరే కాబట్టి.

కంప్యూటర్‌లో బాగానే ఉంది. ఫోన్‌లో తెరిస్తే మొత్తం పేజీ కుంచించుకుపోయి అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి.

హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్ పైన ఉండే హెడ్ భాగంలో, తెర వెడల్పుకు తగ్గట్టు పేజీని పరచమని చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ పెట్టలేదు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ మీ పేజీని కంప్యూటర్ కోసం చేసిందనుకుని సుమారు 980 పిక్సెళ్ల వెడల్పున పరిచి, తర్వాత తెరకు పట్టేలా కుదించేస్తుంది. ఆ ఒక్క వరస చేరిస్తే అక్షరాలు మామూలుగా వస్తాయి. అప్పటికీ పేజీ పక్కకు జరుగుతుంటే ఏదో ఒక ఫొటోకో టేబుల్‌కో పిక్సెళ్లలో పెద్ద వెడల్పు ఇచ్చి ఉంటారు. ఫొటోలకు గరిష్ఠ వెడల్పు 100 శాతం అని రాయండి.

ముందు ఫోన్ వెడల్పుకు రాసుకుని, తర్వాత పెద్ద తెరకు పెంచుకుంటూ పోవడం సులువు. తెరకు తగ్గట్టు ఒదిగే ఈ పద్ధతికి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ పేరు పెట్టారు. ఇప్పుడు అలా చేయకపోతే డిజైన్ అనే అనరు.

తెలుగులో రాస్తే వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, వత్తులు తెగిపోతున్నాయి. ఏం చెయ్యాలి?

ఇంగ్లిష్ పాఠాల్లో చెప్పే లైన్ హైట్ (వరస ఎత్తు, అక్షరం సైజుకు ఎన్ని రెట్లో) 1.4, 1.5 మనకు చాలదు. ‘రాష్ట్రీయ’ అని రాసి చూడండి: పైన గుడి దీర్ఘం, కింద టవత్తు, దాని పక్కనే రవత్తు. పేరాలకు 1.7 లేదా 1.8 ఇవ్వండి, హెడ్డింగులకు కూడా 1.4కు తగ్గకండి. అక్షరం సైజు 16కు బదులు 18 పిక్సెళ్లు ఉంటే పెద్దవాళ్లు కళ్లజోడు వెతుక్కోనక్కర్లేదు. హెడ్డింగ్ పెట్టెకు ఎత్తు బిగించి, మించినదాన్ని దాచేయమని రాసి ఉంటే కింది వత్తులు తెగిపోతాయి. ఎత్తు తీసేసి ప్యాడింగ్ (పెట్టె లోపల చుట్టూ ఖాళీ) ఇవ్వండి. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ తెలుగుకు వద్దు, మాట ముక్కలుగా కనిపిస్తుంది.

ఫాంట్ల విషయంలో మనవాళ్లు అదృష్టవంతులే. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన గిడుగు, గురజాడ, ధూర్జటి, సురవరం, మండలి లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. హెడ్డింగులకు, బ్యానర్లకు వీటి తీరే వేరు. కాకపోతే ఇవి ఒకే మందంలో వస్తాయి. మీరు బోల్డ్ అని రాస్తే బ్రౌజర్ తనంతట తానే గీతలు లావు చేస్తుంది, వత్తులు పూడుకుపోతాయి. పేరాలకూ బోల్డ్‌కూ పలు మందాలున్న నోటో సాన్స్ తెలుగు లేదా అనెక్ తెలుగు వాడండి. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్‌లో ‘టీఈ’ కోడ్ ఇవ్వడం మర్చిపోకండి. స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో దాన్నిబట్టే తేల్చుకుంటుంది.

డీటీపీ వాళ్లు ఇచ్చిన తెలుగు మ్యాటర్ పేజీలో పెడితే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

అది ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో టైప్ చేసిన మ్యాటర్ అయి ఉంటుంది. ఆ పాత పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు కూర్చారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే అది తెలుగు. కన్వర్టర్‌తో, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగులాగే చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి కూర్చుని మొత్తం చదవండి, వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి.

యూనికోడ్‌లోనే ఉన్నా, ఇంగ్లిష్ చిన్న ‘ఎ’ నెత్తిన ఏటవాలు గీత, పక్కన డిగ్రీ గుర్తు, ఇదే వరసగా పేజీ నిండా కనిపిస్తుంటే జబ్బు వేరు: అక్షరాలను ఏ పద్ధతిలో చదవాలో (యూటీఎఫ్-8) బ్రౌజర్‌కు చెప్పే మెటా ట్యాగ్ లేదు. హెడ్‌లో అన్నిటికన్నా పైన పెట్టండి.

## నెట్‌లోకి ఎక్కించడం

వెబ్‌సైట్ పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

నేర్చుకునేటప్పుడు సున్నా. గిట్‌హబ్ పేజెస్, నెట్లిఫై, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ మామూలు సైట్లను ఉచితంగా నిలబెడతాయి. గిట్‌హబ్ పేజెస్ మీద ఆన్‌లైన్ అమ్మకాల సైట్లు నడపకూడదన్నది వాళ్ల నియమం. సైట్‌కు సొంత పేరు కావాలంటే డాట్ ఇన్ డొమైన్ (సైట్ చిరునామా) చాలాచోట్ల ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి మురిసిపోకండి, రెన్యువల్ ధర ఎంతో చూసి కొనండి.

నా కంప్యూటర్‌లో ఫొటోలన్నీ కనిపించాయి. అప్‌లోడ్ చేశాక ఒక్కటీ రావట్లేదు.

రెండు కారణాల్లో ఒకటి. ఫొటో చిరునామా మీ సీ డ్రైవ్ నుంచి మొదలవుతుంటే అది లోకంలో ఇంకెవరికీ దొరకదు, పేజీ ఉన్న ఫోల్డర్ నుంచి దారి రాయాలి. లేదంటే పేరులో పెద్దబడి, చిన్నబడి (క్యాపిటల్, స్మాల్ అక్షరాల) తేడా. విండోస్‌కు రెండూ ఒకటే, సర్వర్ మాత్రం ఒప్పుకోదు. పేరు చివర చుక్క తర్వాత వచ్చే ఎక్స్‌టెన్షన్ కూడా చూడండి, కెమెరా కొన్నిసార్లు జేపీజీని పెద్దబడిలో పెడుతుంది. ఫైళ్ల పేర్లన్నీ చిన్నబడిలో, స్పేస్ లేకుండా పెట్టుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది.

పదింట తొమ్మిదిసార్లు ఫొటోలే. ఫోన్‌లో తీసిన 4 ఎంబీ ఫొటోను అలాగే పెట్టేసి ఉంటారు. 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చండి. గూగుల్ వాళ్ల స్క్వూష్ అనే ఉచిత టూల్ బ్రౌజర్‌లోనే ఆ పని చేసిపెడుతుంది. 200 కేబీ దాటకుండా చూసుకోండి.

గూగుల్‌లో దొరికిన ఫొటోలు వాడుకోవచ్చా?

వద్దు. కనిపించినంత మాత్రాన ఉచితం కాదు. అన్‌స్ప్లాష్, పెక్సెల్స్ లాంటిచోట లైసెన్స్ చదివి తీసుకోండి. టిఫిన్ సెంటర్ పేజీకైతే పొద్దున్నే వెళ్లి మీ ఫోన్‌తో తీసిన ఫొటోనే మేలు, విదేశీ ప్లేటులో ఉన్న దోసె చూస్తే ఊళ్లోవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

## పని, డబ్బు

ఎన్నాళ్లకు ఉద్యోగం వస్తుంది?

రోజుకు రెండు గంటలు నిజంగా కూర్చుంటే ఆరు నెలల్లో చిన్న సైట్లు సొంతంగా చేసే స్థాయి వస్తుంది. ఉద్యోగం అంతకన్నా ఆలస్యం కావచ్చు. మార్కెట్‌నుబట్టి, ఊరినిబట్టి, తెలిసినవాళ్లనుబట్టి అది మారుతుంది. ‘45 రోజుల్లో ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అన్నవాళ్ల దగ్గర, ఇప్పించలేకపోతే ఫీజు వెనక్కిస్తారా అని కాగితం మీద అడగండి.

సర్టిఫికెట్ ఉండాలా?

ఉంటే మంచిదే. ఫ్రీకోడ్‌క్యాంప్ ఉచితంగానే ఇస్తుంది. పని ఇచ్చేవాళ్లు మాత్రం ముందు మీ లింకులు తెరిచి చూస్తారు.

పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి? నా దగ్గర చేసిన పనులే లేవు.

మూడు చాలు, మూడూ నిజమైన మనుషులకు చేసినవై ఉండాలి. మీ కాలనీ అసోసియేషన్, పిన్ని నడిపే పచ్చళ్ల వ్యాపారం, మీరు చదివిన బడి పూర్వ విద్యార్థుల సంఘం, ఎవరైనా సరే. ఒక్కోదాని కింద నాలుగు వాక్యాలు రాయండి: వాళ్లకు ఏం కావాల్సి వచ్చింది, మీరు ఏం ఎంచుకున్నారు, ఎందుకు, వాళ్లు చూశాక ఏం మార్చారు. ఆ నాలుగో వాక్యం చాలామంది రాయరు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాన్ని పట్టుకునే మాట్లాడతారు.

బాబాయి స్నేహితుడు సైట్ చేసిపెట్టమన్నారు. ఎంత అడగాలి? మొహమాటంగా ఉంది.

ఐదు పేజీల సైట్‌కు ఇంత అని ఖాయమైన రేటు లేదు. ఎన్ని గంటలు పడుతుందో లెక్కేసుకుని, దానికి సగం కలపండి, ఎందుకంటే మార్పులు వస్తాయి. ఎన్ని పేజీలు, మ్యాటర్ ఎవరిస్తారు, ఎన్నిసార్లు మార్పులు ఉచితం అన్నది వాట్సాప్‌లోనైనా సరే ముందే రాసి పంపి, ‘సరే’ అనిపించుకోండి. సగం అడ్వాన్స్ తీసుకోండి. ‘మనవాళ్లే కదా’ అని వదిలేసిన పనే ఏడాదిపాటు సాగుతుంది.

డొమైన్ మాత్రం వాళ్ల పేరు మీద, వాళ్ల ఈమెయిల్‌తో, వాళ్ల కార్డుతోనే కొనిపించండి. మీ పేరు మీద కొంటే రెన్యువల్ గుర్తుపెట్టుకోవడం మీ తలకు చుట్టుకుంటుంది. రేపు మాటామాటా వచ్చినా, మీరు ఊరు మారినా వాళ్ల వ్యాపారం పేరు మీ చేతిలో చిక్కుకుపోతుంది. పని అప్పజెప్పేరోజు లాగిన్ వివరాలన్నీ వాళ్లకిచ్చి, మీ ముందే పాస్‌వర్డ్ మార్పించండి.